కెప్టెన్ గారి గొంతు

గిన్నెలు కడుగుతుండగా ఆమెకి తెలిసింది, మొగుడి గొంతు తను మర్చిపోయిందని.

చేతిలో ఉన్నది ఆయన టీ కప్పు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆ కప్పుతో ఇప్పుడెవరూ తాగరు, అయినా రోజూ ఓసారి కడిగి బోర్లిస్తుంది. టీ అందుకుంటూ ఆయన "ఊఁ, ఇటివ్వు" అనేవాడు. ఆ మాట ఓసారి మనసులో విందామని చూస్తే వచ్చింది గానీ, ఆమె గొంతుతోనే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి కూతురి గొంతు. పంపు కట్టేసి తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. ఆయన మొహం గుర్తొచ్చింది, మెడ మీది పుట్టుమచ్చ గుర్తొచ్చింది, చొక్కా పై బొత్తం ఎప్పుడూ తప్పు కాజాలో పెట్టుకునే సంగతి కూడా గుర్తొచ్చింది. గొంతు మాత్రం రాలేదు. ఆయన పోయినప్పుడు ఏడుపొచ్చింది గానీ భయం వేయలేదు. ఇప్పుడు భయమేసింది.

ఇంకెవరి మొగుడైనా అయితే పోనీలే అనుకోవచ్చు. ఈయన గొంతు మీదే బతికిన మనిషి. కెప్టెన్ సినిమాలు చూడనివాళ్ళు ఆ తరంలో లేరు. ఎక్కడో వేరే భాషలో తీసిన సినిమాలవి. సరుకుల ఓడ నడిపే ఓ మొండి కెప్టెన్, ఒక్కో సినిమాలో ఒక్కో రేవు, ఒక్కో గొడవ. ఎనిమిది భాగాలు వచ్చాయి. మొదటి భాగంలో నల్లగడ్డంతో ఉన్న నటుడు ఎనిమిదో భాగానికి తెల్లగడ్డంవాడయ్యాడు. ఆ నటుడు ఏ దేశంవాడైతేనేం, ఈ ఊళ్ళో తెర మీద నోరు తెరిస్తే వినబడేది ఈయన గొంతే. ప్రతి సినిమాలోనూ ఓడ కదిలేముందు కెప్టెన్ ఓ మాట అంటాడు: "తాడు విప్పండి. గాలి మనదే." బస్సు కదిలేటప్పుడు కండక్టర్లు, బడి గంట కొట్టగానే పిల్లలు, పెళ్ళికొడుకు కారెక్కగానే స్నేహితులు, అందరూ అదే మాట అనేవాళ్ళు. ఆ గొంతు ఈయనదని వీధిలో ఎవరికీ తెలియదు. పనిచేసే చోట మాత్రం ఈయన కెప్టెన్ గారు, అంతే.

వీధిలో పులి, ఇంట్లో పిల్లి అంటారు. ఈయన తెర మీద పులి, ఇంట్లో మూగ. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించడం, మెడకి మఫ్లర్ చుట్టుకోవడం, ఏం కావాలన్నా వేలితో చూపించడం. మరీ తప్పకపోతే గుసగుసగా ఓ ముక్క. ఫోను మోగితే ఇల్లు కాలిపోతున్నట్టు ఆమె వైపు చూసేవాడు, ఎత్తేవాడు కాదు. "గొంతు సబ్బులాంటిదే. ఇంట్లో వాడేస్తే పనికి మిగలదు" అని ఆయన వేదాంతం. పని మానేశాకైనా వాడుకోవచ్చు గదా మహానుభావుడు! అప్పటికి పిసినారితనం ఎముకల్లోకి దిగిపోయింది. కూతురు ఫోన్లో వీడియో తీస్తూ "ఒక్క మాట మాట్లాడు నాన్నా" అని బతిమాలితే నవ్వుతూ చెయ్యెత్తి ఊరుకున్నాడు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. అందులో వినబడేది ఫ్యాను చప్పుడు.

"ఎందుకే అంత తాపత్రయం?" అన్నాడు వీడియో ఆపాక. "ఎనిమిది సినిమాల్లో ఉన్నాగా. బొమ్మ ఉన్నంతకాలం గొంతు ఉంటుంది."

ఆ మాట ఆమె కూడా నమ్మింది. నమ్మకుండా ఎలా ఉంటుంది? ఆమెదీ అదే పని.

డబ్బింగ్ హాల్లో ఆమెని సైగమ్మ అనేవాళ్ళు. చీకటి గది, గోడలకి మందపాటి గుడ్డ, ఒక తెర, ఒక మైకు, కాగితం మీద పడేలా చిన్న దీపం. ఆ రోజుల్లో సినిమాని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ కొసకి కొస అతికించి దండలా చేసేవాళ్ళు. మెషిన్లో అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, తెర మీద అదే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది. అతుకు దగ్గర టిక్కుమంటుంది. గొంతిచ్చే మనిషి కళ్ళు కాగితం మీద ఉండాలి, మాట తెర మీది పెదాలతో కలవాలి. రెండూ ఒకేసారి చూడ్డానికి దేవుడు నాలుగు కళ్ళివ్వలేదు. అందుకని పక్కన ఇంకో మనిషి తెరనే చూస్తూ నిలబడి, పెదాలు విడివడే ముందు గొంతిచ్చేవాడి మోచేతి మీద రెండు వేళ్ళతో తట్టాలి. ఆ తట్టే మనిషి ఈమె.

ముందుగా తడితే మాట నోటికంటే ముందు పుడుతుంది. ఆలస్యంగా తడితే నోరు మూసుకున్నాక మాట వస్తుంది. నటుడు ఊపిరి తీసుకోవడం చూసి తట్టాలి, నోరు తెరవడం చూసి కాదు. ఆమెకి అది ఎవరూ నేర్పలేదు, వచ్చేసింది. మొదటి కెప్టెన్ సినిమాకి ఆయన కొత్తవాడు. తట్టినా మాట పెగిలేది కాదు. మైకు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు. ఆమె చెవి దగ్గరికి వంగి మెల్లిగా అంది:

"కంగారు పడకండి. బొమ్మ మళ్ళీ వస్తుందిలెండి."

వచ్చింది. టిక్కుమంది, కెప్టెన్ మళ్ళీ డెక్కు మీదికొచ్చాడు, ఆమె తట్టింది, ఆయన అన్నాడు. "తాడు విప్పండి. గాలి మనదే." అద్దం అవతల కూర్చున్న సౌండింజనీరు లేచి నిలబడ్డాడు. రెండో సినిమా వచ్చేసరికి వాళ్ళ పెళ్ళయిపోయింది. ఎనిమిదో సినిమా దాకా ఆ మోచెయ్యి మీద ఇంకెవరి వేళ్ళూ పడలేదు. పెళ్ళాం ఊళ్ళో లేకపోతే పని వాయిదా వేయించేవాడు ఆ పెద్దమనిషి. ఇంట్లో ఆమెని పొగిడిన పాపాన పోలేదు గానీ, హాల్లో అందరి ముందూ మోచెయ్యి చూపించి "నా గొంతు ఇక్కడుంది" అనేవాడు.

సరే, ఆ గొంతు కావాలిప్పుడు. ఎక్కడుందో ఆమెకి తెలుసు. మంచం కింద సూట్‌కేసులో. ఎనిమిది సినిమాల వీడియో క్యాసెట్లు కంపెనీవాళ్ళు అప్పట్లో ఇచ్చారు. ప్లేయరు మూలపడి చాలా ఏళ్ళయింది కాబట్టి అవి కూడా మూలపడ్డాయి. కప్పు తుడిచి పెట్టేసి, సూట్‌కేసు లాగి తెరిచింది. క్యాసెట్ల కిటికీలోంచి చూస్తే నల్లటి టేపు మీద తెల్లగా బూజు. ప్లేయరునీ ఓ క్యాసెట్‌నీ సంచిలో వేసుకుని టీవీలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్ళింది.

అతను మూత విప్పను కూడా విప్పలేదు. "దీనికి సామాన్లు రావడం మానేసి ఎన్నాళ్ళయిందమ్మా! ఇంకా ఆ టేపంటారా, బూజు పట్టింది. పెడితే నమిలేస్తుంది. అయినా ఈ సినిమాలు కొత్తగా డిస్కుల్లో వచ్చాయిగా? పెట్టె మొత్తం కొనేసుకోండి. ఆ చివర షాపులో బొమ్మ పెట్టాడు చూడండి."

చూసింది. తాళాలు చేసే అతని కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుకైన డిస్కుల షాపు. అద్దం మీద కెప్టెన్, నిలువెత్తు కాగితం బొమ్మ. ఆ తెల్లగడ్డం చూడగానే ఆమెకి సొంత మనిషి ఎదురుపడ్డట్టయింది. లోపల అల్మరాలు సగం ఖాళీ. ఈ రోజుల్లో డిస్కులు ఎవరు కొంటున్నారు గనక. షాపతను నలభై దాటిన మనిషి, కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"కెప్టెన్ సినిమాలున్నాయా బాబూ?"

అతను దిగ్గున లేచాడు. "మన కెప్టెనా? లేకపోవడమేంటమ్మా!" అంటూ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. ఓడ చెక్కలా గీతలు గీసిన నల్లటి అట్టపెట్టె. పట్టుకోడానికి నిజం తాడే, ముడితో సహా. "మొత్తం ఎనిమిదీ ఉన్నాయి. ఒక్కో బొమ్మనీ శుభ్రం చేసి కడిగిన ముత్యంలా చేశారంట. నేనింకా చూళ్ళేదనుకోండి, సీలు విప్పితే ఎవరు కొంటారు? కానీ చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. మా నాన్న కొట్టేవాడు, అయినా వెళ్ళేవాణ్ణి." గొంతు సవరించుకుని, గడ్డం కిందికి దించి అన్నాడు. "తాడు విప్పండి. గాలి మనదే."

ఆమె ఫక్కున నవ్వింది. అచ్చం ఆయనే కాదు గానీ ఆయన ఛాయ ఉంది. చాలారోజుల తర్వాత అంత నవ్వొచ్చింది. ఆ గొంతు మా ఆయనదే బాబూ అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. తెరవెనక మనిషి తెరవెనకే ఉండాలి, గొంతు ఎవరిదో తెలిస్తే కెప్టెన్ చచ్చిపోతాడు అని ఆయన నియమం. చచ్చిపోయినా ఆయన నియమాలు మాత్రం ఇంట్లో తిరుగుతూనే ఉన్నాయి.

"పాత క్యాసెట్లు ఉంటే తెచ్చివ్వండమ్మా, చాలా తగ్గుతుంది. కంపెనీ వాళ్ళ పథకం. ఇంట్లో చెత్త కూడా పోతుంది."

ఉన్నాయి అంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఏమని ఆలోచిస్తుంది? బూజు పట్టిన గొంతు ఇచ్చి కడిగిన ముత్యంలాంటి గొంతు తెచ్చుకుంటున్నాను అనుకుంది. ఇంటికెళ్ళి సూట్‌కేసు తెచ్చింది. షాపతను క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి వెనక గుమ్మం దగ్గరున్న డబ్బాలో పడేశాడు. ధబ్, ధబ్, ధబ్. ఆమె నిలబడి చూసింది. చెయ్యి తేలికైనట్టే అనిపించింది. పెట్టెని తాడు పట్టుకుని ఊపుకుంటూ ఇంటికొచ్చింది, బడి నుంచి వచ్చే పిల్లలా.

సాయంత్రం పని అయ్యాక కూతురు తన ఇంట్లో ఉన్న డిస్కు ప్లేయరు తీసుకుని వచ్చింది. కళ్ళద్దాల షాపులో పని ఆమెకి, పొద్దస్తమానం జనానికి అక్షరాలు చదివిస్తుంది. వైర్లు తగిలిస్తూ అంది:

"నీకు తెలుసా అమ్మా, నాన్న గొంతెత్తి మాట్లాడ్డం నేను సినిమా హాల్లోనే విన్నాను. కెప్టెన్ పనివాళ్ళని తిడుతుంటే, అబ్బ, నన్ను కూడా ఎప్పుడైనా ఇలా తిడితే బాగుండు అనుకునేదాన్ని."

"తిట్లకి కూడా నోచుకోలేదే నువ్వు" అంది తల్లి. ఇద్దరూ నవ్వుకున్నారు.

కూతురు ఆయన కుర్చీలో కూర్చుంది. తల్లి పక్కన స్టూలు వేసుకుంది. మొదటి భాగం పెట్టారు. సముద్రం ఎంత నీలంగా ఉందో! క్యాసెట్లో ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేది. అదే సంగీతం, అవే పక్షుల అరుపులు. నల్లగడ్డం కెప్టెన్ నిచ్చెనెక్కి డెక్కు మీదికొచ్చాడు. రేవు వైపు చూశాడు. ఆమె స్టూలు అంచుకి జరిగింది. ఊపిరి బిగబట్టింది. కెప్టెన్ ఛాతీ లేచింది. ఇదిగో, ఇప్పుడు.

"తాళ్ళు వదిలేయండి. గాలి మనవైపే ఉంది."

ఎవరో కుర్రాడు. గుండ్రటి, నున్నటి గొంతు, కొత్త ఫ్లాట్లు కొనండి అని ప్రకటన చెబుతున్నట్టు.

తెర మీద ఓడ కదిలిపోతోంది.

"ఎవరమ్మా వీడు?" అంది కూతురు.

డిస్కు మారిపోయిందేమో అనుకున్నారు. ఎనిమిదోది పెట్టారు. తెల్లగడ్డం నోట్లోంచి అదే కుర్రగొంతు, కాస్త బొంగురు చేసి. నాలుగోది పెట్టారు. అంతే. మాటలు కూడా పాతవి కావు, ఎవరో కూర్చుని మళ్ళీ రాశారు. కూతురు రిమోట్‌తో వెతికి ఇంకో భాష పెట్టింది. అది అసలు సినిమా భాష. కెప్టెన్ సన్నగా, ముక్కుతో, దాదాపు ఆడమనిషిలా ఏదో అన్నాడు.

సైగమ్మకి నవ్వొచ్చింది, అది నవ్వో ఏడుపో కూతురికి అర్థం కాలేదు. పాపం, ఈ నటుడి గొంతు ఇదా! ఎనిమిది సినిమాలు ఆయన నోటి వైపే చూసి తట్టింది, ఆయన గొంతు ఒక్కసారి కూడా వినలేదు. మైకు పెట్టకముందే అది తీసేసేవాళ్ళు. ఆయనకీ ఓ భార్య ఉండే ఉంటుంది. ఈ ఊరొచ్చి సినిమా చూసి ఉంటే ఆవిడేమనుకునేది? బొమ్మ ఉన్నంతకాలం గొంతు ఉంటుందట! గొంతుల్ని ఊడబెరికి కొత్తవి అతికించడమే తిండి పెట్టిన పనిగా బతికినవాళ్ళు, మొగుడూ పెళ్ళామూ, ఆ మాట ఎలా నమ్మారో ఆమెకిప్పుడు అర్థం కాలేదు. తమ గొంతు కూడా ఊడొస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

కూతురు పెట్టె తిప్పి చూసింది. అడుగున గొంతులిచ్చినవాళ్ళ పేర్లు వరసగా అచ్చేశారు. కెప్టెన్ పక్కన ఎవరిదో పేరు. సైగమ్మ కొనేటప్పుడు అటు చూడనే లేదు. వాళ్ళ కాలంలో గొంతిచ్చినవాడి పేరు తెర మీదా పడేది కాదు, అట్ట మీదా పడేది కాదు. లేనిచోట ఎవరు వెతుకుతారు?

"సరే, పోనీలే అమ్మా" అంది కూతురు కళ్ళు తుడుచుకుని. కుర్చీలోంచి లేచి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "దీన్ని తీసి అవతల పారేద్దాం. పాత క్యాసెట్లు ఉన్నాయిగా! మా షాపు మేడ మీద ఒకాయన ఉన్నాడు, పాత టేపులు బూజు తుడిచి డిస్కులోకి ఎక్కించి ఇస్తాడు. పెళ్ళి వీడియోలూ అవీ అందరూ ఆయన దగ్గరే చేయించుకుంటారు. రేపే తీసుకెళ్తా. సూట్‌కేసు మంచం కిందే ఉందా?"

తల్లి పెట్టె అందుకుని దాని తాడు ముడి తడుముతోంది.

కూతురు వంగి చూసింది. సూట్‌కేసు ఉంది. లాగింది. తేలిగ్గా వచ్చేసింది.

"అమ్మా?"

"ఇచ్చేశానే" అంది ఆమె. "ఈ పెట్టె కోసం ఇచ్చేశాను."

కూతురు తిట్టలేదు. తిడితే బాగుండేది. నేల మీద ఖాళీ సూట్‌కేసు పక్కనే కూలబడి మోకాళ్ళ మీద తలపెట్టుకుంది. తండ్రిని చూసి అందరూ మెల్లిగా మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్ల, ఏడ్చేటప్పుడు కూడా చప్పుడు రానివ్వలేదు. చేజేతులా చేసుకున్నదానికి ఎవరిని అనాలి? సైగమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది:

"చిన్నప్పుడు నిన్ను నిద్ర లేపేటప్పుడు ఏదో అనేవారు కదే. ఎలా అనేవారో ఓసారి అను."

కూతురు తలెత్తి, గుసగుసగా అంది. "లే, తెల్లారింది, రేవొచ్చింది."

మాట అదే. గుసగుస కూడా అదే కావచ్చు. కానీ గుసగుసకి గొంతు ఉండదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇంట్లో ఆయన వాళ్ళకి వదిలివెళ్ళింది అంతే. గొంతంతా బయటివాళ్ళకి ఇచ్చేసి, వట్టి గాలి ఇంటికి తెచ్చేవాడు. ఆమెకి ఆయన మీద కోపమొచ్చింది. చచ్చిపోయినందుకు కూడా రాని కోపం వచ్చింది. ఒక్కసారి పేరు పెట్టి గట్టిగా పిలిస్తే ఏం పోయేదయ్యా నీ సొమ్ము!

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే అని తెలిసీ, పొద్దున్నే షాపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. షట్టరు ఇంకా తీయలేదు. షాపతను వచ్చి, ఆమె చేతిలో పెట్టె చూసి నొచ్చుకున్నాడు.

"ఏమ్మా, డిస్కు మీద గీతలు పడ్డాయా? మార్చిస్తా."

"డిస్కులు బాగానే ఉన్నాయి బాబూ. నా క్యాసెట్లు నాకిచ్చెయ్యి. ఈ పెట్టె ఉంచుకో, డబ్బులు కూడా అక్కర్లేదు."

అతను వెనక గుమ్మం వైపు చూశాడు. ఆమె అప్పటికే అటు నడిచింది. డబ్బా ఉంది. బోర్లించి, కడిగి, ఆరబెట్టి ఉంది.

"తెల్లారగట్లే బండి వచ్చి పట్టుకెళ్ళిపోయిందమ్మా" అన్నాడతను వెనకాలే వచ్చి. "ఎక్కడికక్కడ నలిపేస్తారు వాళ్ళు, బండిలోనే మిషను. అంత ముఖ్యమైనవని నిన్న ఒక్క మాట చెబితే పక్కన పెట్టేవాణ్ణి కదమ్మా. ఏముంది వాటిల్లో? పెళ్ళి వీడియోలేమైనా కలిసిపోయాయా?"

"మా ఆయన" అంది.

అతనికి అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఎన్నేళ్ళుగానో ఎవరికీ చెప్పనిది, ఆ షాపు వెనక సందులో, బోర్లించిన డబ్బా పక్కన నిలబడి చెప్పింది. షాపతను నోరు తెరుచుకుని విన్నాడు. వింటూ వింటూ చేతులు కట్టుకున్నాడు, పెద్దల ముందు నిలబడ్డట్టు.

"కెప్టెన్ గారా" అన్నాడు చివరికి. "ఈ వీధిలోనే ఉండేవారా! మఫ్లర్ వేసుకుని... అయ్యో, ఓసారి నా షాపుకి కూడా వచ్చారమ్మా. బ్యాటరీలు కావాలని వేలితో చూపించారు. మాటలు రావేమో పాపం అనుకున్నాను."

ఆమె తలూపింది. వచ్చే ఉంటాడు. బ్యాటరీలకి గొంతు ఖర్చు పెట్టే మనిషా ఆయన.

"బాబూ, నిన్న అన్నావే. అది ఇంకోసారి అను."

అతను సిగ్గుపడ్డాడు. నిన్న ఎవరో తెలియక అన్నాడు, ఇవాళ తెలిసింది కదా. గొంతు సవరించుకున్నాడు. "తాడు విప్పండి. గాలి మనదే." రాలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకా లోతుగా. ఇంకా దూరం పోయింది. చిన్నప్పటి సినిమా హాలు గుర్తు తెచ్చుకుంటూ కళ్ళు మూసుకుని మూడోసారి అన్నాడు. అనే కొద్దీ అందులో ఆయన తగ్గిపోయి, డిస్కులు అమ్ముకునే నలభై ఏళ్ళ మనిషి మిగిలాడు. నిన్న వినబడిన ఆ కాస్త ఛాయ కూడా ఎక్కడ చెరిగిపోతుందోనని ఆమె చెయ్యెత్తి ఆపింది.

"చాల్లే నాయనా. చల్లగా ఉండు."

పెట్టె ఇచ్చేసి డబ్బులు వెనక్కి తీసుకోమని అతను ఎంతో బతిమాలాడు. ఆమె ఇవ్వలేదు. ఏమనుకుందో ఏమో, తాడు పట్టుకుని మళ్ళీ ఇంటికే తెచ్చింది.

రాత్రి ఇక్కడే పడుకున్న కూతురు పనికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు టీ పెట్టి మూత వేసి ఉంచింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఆ మాటకొస్తే ఎప్పుడూ అలాగే ఉండేది. ఆమె మొదటి డిస్కు పెట్టి, స్టూలు ఆయన కుర్చీ పక్కకి లాక్కుంది. ఆ కుర్రగొంతు రాకముందే రిమోట్‌తో చప్పుడంతా తీసేసింది. పాపం కుర్రాడు బాగానే చెప్పాడు, వాడి తప్పేముంది. వాడి పక్కన నిలబడి ఎవరైనా తడుతున్నారో లేదో. ఇప్పుడు అంతా మిషన్లే చూసుకుంటాయంటారు.

నీలం సముద్రం. చప్పుడు లేని పక్షులు. నల్లగడ్డం కెప్టెన్ నిచ్చెనెక్కి డెక్కు మీదికొచ్చాడు, రేవు వైపు చూశాడు. ఆమె చెయ్యి తనంతట తనే కుర్చీ చేతి మీదికి వెళ్ళింది, ఆయన మోచెయ్యి ఆనించి ఆనించి నున్నగా అరిగిన చోటికి. కెప్టెన్ ఛాతీ లేచింది. రెండు వేళ్ళతో తట్టింది.

పెదాలు విడివడ్డాయి, కదిలాయి, మూసుకున్నాయి. తట్టడం వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మాట రాలేదు. ఓడ కదిలింది.

ఆమె రిమోట్ తీసుకుని బొమ్మని వెనక్కి తిప్పింది. కుర్చీ వైపు కాస్త వంగింది.

"కంగారు పడకండి" అంది మెల్లిగా. "బొమ్మ మళ్ళీ వస్తుందిలెండి."

వచ్చింది. ఆమె మళ్ళీ తట్టింది.